అక్షింతలు పట్టుకుని విన్న ఇంగ్లీషు పేపరు

రండర్రా, ఇంకొంచెం దగ్గరికి జరగండి. గుమ్మం దగ్గర ఒదిగి నిలబడ్డావే, నువ్వు కూడా. చేతులు చాపండి, తలా నాలుగు అక్షింతలు వేస్తాను, గుప్పిట మూసుకోండి. కథ అయ్యేదాకా విప్పకూడదు. మా అమ్మ నాకలాగే చెప్పింది, వాళ్ళమ్మ ఆవిడకలాగే చెప్పింది. ఇది ఏ నోము కథా కాదు. ఇందులో శాపం తీరిన రాణీ లేదు, అడవికి పోయిన రాకుమారుడూ లేడు. ఒక ఆర్టీసీ బస్సు ఉంది, ఒక ఫోను ఉంది, రోజూ మధ్యాహ్నం మా ఇంటికొచ్చే ఇంగ్లీషు పేపరు ఉంది, నా మనవరాలు వర్షిణి ఉంది. నా బుర్ర తిన్నగా నడిచేది కాదు, కాలవగట్టు మీద మేకలా అక్కడో ఆకూ ఇక్కడో ఆకూ కొరుకుతూ వస్తుంది. మీరు తాడు వదలకండి, చాలు. ఆ గంటసేపూ నా పక్కనే బస్సులో కూర్చోండి.

ధవళేశ్వరం ఆనకట్ట మీద మా బస్సు ఆగిపోయింది. ముందెక్కడో కొబ్బరికాయల లారీ చక్రం పేలి అడ్డంగా నిలబడిందట, కండక్టరు లాజరు దిగి చూసి వచ్చి చెప్పాడు. ఒక పక్కన కదులుతోందో లేదో తెలియకుండా నిండుగా గోదావరి, రెండో పక్కన తలుపుల కిందనుంచి తెల్లగా కక్కుతూ ఉరికే అదే గోదావరి, మధ్యలో మేము. నా కుడి కంటికి ఆపరేషనై ఏడాది దాటింది, ఎడమ కంటి సంగతి చూస్తామన్నారు, అందుకని రాజమండ్రి ప్రయాణం. వర్షిణి ఫోను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "బామ్మా, నేను చూడలేను, నువ్వు చూడు" అని మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది. బ్యాంకు ఆఫీసరు పరీక్ష ఆఖరి ఫలితాలు ఇవాళ పెట్టేశారట. తెల్లటి అద్దం మీద ఒక చిన్న చక్రం తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది. ఈ కార్తీకానికి పిల్లకి ముప్ఫై నిండుతాయి, ఆపైన ఆ పరీక్ష గుమ్మం ఎక్కనివ్వరు. ఇదే ఆఖరుసారి. అది కిటికీ ఊచ పట్టుకున్న పట్టు చూస్తే ఊచ విరిగిపోతుందేమో అనిపిస్తోంది. నేను కొంగుముడి విప్పి నాలుగు అక్షింతలు తీసి ఎడమ గుప్పిట్లో పెట్టుకున్నాను. కుడి చేతిలో ఫోను.

ఈ చక్రం చూస్తుంటే మా అమ్మ తిరగలి కళ్ళకి కడుతోంది. అమ్మ తిరగలి తిప్పుతూనే నోము కథ చెప్పేది. నోము పట్టినవాళ్ళు రోజూ కథ చెప్పుకోవాలి, చెప్పుకోవడమంటే ఎవరో ఒకరు వినాలి. వినే చెవి లేకపోతే అది చెప్పినట్టు కాదు. మేం పిల్లలందరం పెరట్లోకి పారిపోయిన రోజున తులసికోటకి చెప్పేది, వానపడితే పాకలో కట్టేసిన ఆవు ముందు పీట వేసుకుని చెప్పేది. ఆవు తల ఊపగానే "విన్నావు కదే తల్లీ" అని దాని నొసట నాలుగు అక్షింతలు వేసి తన నెత్తిన నాలుగు వేసుకునేది. మూడో తరగతితో నా బడి సరి, ఆపై చదువంతా ఆ తిరగలి పక్కనే. కాగితం మీద అక్షరం నా దగ్గర ఎక్కువసేపు నిలవదు గానీ చెవిలో పడ్డ కథ మాత్రం ఇల్లు కట్టుకుని కాపురం ఉంటుంది. అంకెలు వచ్చు. బస్సుల నంబర్లు, గ్యాసు నంబరు, మా అబ్బాయి ఫోను నంబరు. వర్షిణి హాల్‌టికెట్టు దేవుడి గూట్లో అమ్మవారి పాదాల దగ్గర పెట్టి రోజూ కుంకుమ చల్లాను కదా, ఆ నంబరు నాకు స్తోత్రంలా నోటికి వచ్చేసింది. చివర రెండు ఏడులు. అందుకే ఫోను నా ఒళ్ళో పెట్టింది పిల్ల.

"నీళ్ళ మీద టవరు అందదండి మామ్మగారూ, గట్టెక్కాక అదే వస్తుందండి" అన్నాడు లాజరు. "అందుతుందిలే నాయనా, అందకేం చేస్తుంది" అన్నాను. అతను నవ్వాడు. అందనివన్నీ ఎలా అందాయో అతనికేం తెలుసు.

మా ఆయన పేరు మీకు చెప్పలేదు కదూ. పేరు పలకడమేంటనుకోకండి, ఇప్పుడు అందరూ పలుకుతున్నారు, నేనూ పలుకుతాను. భాస్కరం గారు. లొల్ల లాకుల నుంచి ఆనకట్ట దాకా ఏ ఊళ్ళో పెళ్ళయినా ఉపనయనమైనా ఆయనే చేయించాలి. వేదం చదువుకున్న నోరు. రెండేళ్ళ కిందట వర్షిణి బ్యాంకు పరీక్షకి కూర్చుంటానని, లెక్కలు వచ్చు గానీ ఇంగ్లీషు మాటలు రావని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఆయన మీసం లేని పెదవి దువ్వుకుని, "ఓస్, మాటలే కదుటే! వేదమే నోటికి పట్టినవాణ్ణి, ఇంగ్లీషు ఎంత?" అన్నారు. మర్నాడే సంథ మొదలుపెట్టారు. సంథ అంటే గురువు ఒకసారి అంటే శిష్యుడు రెండుసార్లు అనాలి. అర్థం సంగతి తర్వాత, ముందు నోరు తిరగాలి. తెల్లారగట్ల స్నానం, విభూతి, పీట, ఎదురుగా లావాటి ఇంగ్లీషు నిఘంటువు. ఆయనకి ఇంగ్లీషు రాదు కదా, అందుకని ఆ మాట ఎలా పలకాలో ముందు పిల్ల ఆయనకి చెప్పేది, ఆయన దానికి స్వరం కట్టి తిరిగి ఆ పిల్లకే సంథ చెప్పేవారు. "అబాండన్ అనగా విడిచిపెట్టుట" అని ఆయన ఎత్తుకుంటే ఇది తల కిందికీ పైకీ ఊపుతూ రెండుసార్లు అనేది. పాలు పొయ్యడానికొచ్చిన రత్తమ్మ గుమ్మం బయట చెప్పులు విడిచి చేతులు జోడించి నిలబడిపోయేది. "ఏం హోమమండి మామ్మగారూ, ఎవరికన్నా ఒంట్లో బాగోలేదాండి?" అని. ఆర్నెల్లు తిరిగేసరికి పిల్లకి నిఘంటువు ఆ కొసనుంచి ఈ కొసదాకా కంఠతా వచ్చేసింది. మా ఆయన వీధిలో ఛాతీ విరుచుకుని నడిచారు.

పరీక్షలో ఏం జరిగిందో వినండి. ఇంకెవరింట్లోనూ ఇలా జరగదు, మా ఇంట్లోనే జరుగుతుంది. నన్ను లలితా సహస్రం మధ్యలోంచి ఒక నామం అడగండి, అక్కణ్ణుంచి ఎత్తుకోలేను. మొదటినుంచి చదువుకుంటూ రావాలి, అప్పుడు అదే దొర్లుకుంటూ వచ్చి నోట్లో పడుతుంది. మా ఆయనకి మంత్రమైనా అంతే. ఈ పిల్లకి ఇంగ్లీషు అలాగే పట్టింది. తెర మీద ఏదో మాట అడిగితే దానికి అర్థం తిన్నగా రాదు, ఆ అక్షరం మొదటినుంచి సంథ ఎత్తుకోవాలి. పెదవులు కదుపుతూ, తల ఊపుతూ, ఆ మాట దగ్గరికి చేరేసరికి తెర మీద గడియారం సున్నాకి జారిపోయింది. పక్క కుర్చీలో కుర్రాడు "అక్కా, జపం బయట చేసుకోండక్కా" అన్నాడట. ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడి "తాతయ్యా, అన్నీ వచ్చు, అడిగినచోట ఒక్కటీ రాదు" అని ఏడ్చింది. "నీ తప్పు కాదమ్మా, నా సంథది" అన్నారు. అంతే. పీట గోడకి ఆనించేశారు. ఆ తర్వాత పరీక్ష మాట ఎవరెత్తినా కండువా వేసుకుని వీధిలోకి వెళ్ళిపోయేవారు. మా అబ్బాయి మణిశంకర్ "ఇంక చాల్లే అమ్మడూ, ఏ స్కూల్లోనన్నా పాఠాలు చెప్పుకుందువుగాని" అన్నాడు. చెడ్డగా అనలేదు, జాలిగానే అన్నాడు. జాలిగా అన్నదే ఎక్కువ గుచ్చుకుంటుంది, మీకు తెలుసుగా.

చక్రం ఆగింది... లేదు, మళ్ళీ తిరుగుతోంది. వెనక సీట్లో చంటిపిల్లాడు ఏడుస్తున్నాడు, వాళ్ళమ్మ జోకొడుతోంది. గాలికి కిందనుంచి నీటి తుంపర మొహానికి తగులుతోంది, చల్లగా, మెత్తగా, ఆపరేషను రోజున నర్సు కంట్లో వేసిన చుక్కలా. ఆ కన్ను లేకపోతే ఈ కథే లేదు. కంటికి కట్టు కట్టి ఇంటికి పంపారు. వంగకూడదు, పొయ్యి దగ్గరికి పోకూడదు, టీవీ చూడకూడదు. నేనా? నోరు కట్టేసుకోమంటే కట్టుకోలేను, కళ్ళు కట్టేసుకుని వసారాలో పడుండాలట! పైకప్పు లెక్కపెట్టినా ఎంతసేపు? "ఏదన్నా చదివి వినిపించవే" అని వర్షిణిని చంపుకుతిన్నాను. ఇంట్లో తెలుగు పుస్తకాలన్నీ నాకు వచ్చినవే. ఇది విసిగి "ఇంగ్లీషు పేపరు ఉంది, వింటావా?" అంది. "చదువు, నాకేం అడ్డు" అన్నాను.

ఆ పేపరు మాది కాదు. మా పక్కనే, వీధి చివర మేడలో మాధవరాజు గారని, భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న ఆసామి. ఎగుమతి కంపెనీల వాళ్ళొస్తే టీపాయి మీద ఇంగ్లీషు పేపరు ఉంటే మర్యాదగా ఉంటుందని వేయించుకునేవారు. ఆ ఇంట్లో దాన్ని విప్పినవాళ్ళు లేరు. మధ్యాహ్నానికి మడత నలగకుండా మా ఇంటికొచ్చేది. వాళ్ళావిడ రత్నమాణిక్యం గారు గోడ మీదనుంచి "పిన్నిగారూ, మీ మనవరాలు చదివి కలెక్టరైతే సంతోషమేనండి, కానీ సాయంత్రానికి పంపెయ్యండి, పరచడానికి కాగితం లేక నా అలమరలన్నీ బోడిగా ఉన్నాయి" అనేవారు. మాటలో ఎత్తిపొడుపు లేదనను. పేపరు రావడం మాత్రం ఒక్కరోజు కూడా మానలేదు, అది కూడా చెప్పాలి.

వర్షిణి గబగబా చదువుకుపోయింది. పడవలో కూర్చుని గట్టు మీద ఎవరివో మాటలు వింటున్నట్టుంది నాకు. "ఇది చదవడమేంటే, వడ్లు దంచినట్టుంది. కథ చెప్పు. ఎవరు, ఎవర్ని, ఎందుకు?" అన్నాను. అది తెలుగులో చెప్పబోయింది. "వాళ్ళ మాటలు వాళ్ళవి ఉంచు, నడుమ నీ మాటలు కలుపు. మా అమ్మ కథలో సంస్కృతం ముక్క వస్తే మింగేసేదా? పలికి, ఇదిగో ఇలాంటిది అని చెప్పేది" అని దేవుడి గూట్లోంచి అక్షింతలు తెప్పించుకుని గుప్పిట పట్టాను. "కథ తెగేదాకా నేను విప్పను, నువ్వు లేవకూడదు." అది నవ్వింది. చాన్నాళ్ళకి నవ్వింది. అలా మొదలైంది మా ఇంగ్లీషు నోము.

మొదటి రోజు ఏదో దేశం సంధికి రిలక్టెంటుగా ఉందని చెప్పింది. అంటే ఏంటే అన్నాను. ఇష్టం లేక వెనకాడటం అంది. "అలకపాన్పు మీద కొత్తల్లుడిలాగానా?" అన్నాను. ఆగిపోయింది పిల్ల. "కాదు బామ్మా, ఆయనకి లోపల ఇష్టమే కదా, బతిమాలించుకుంటాడు. ఇది నిజంగానే కాలు ముందుకి పడకపోవడం." "అయితే నా చిన్న తమ్ముడు తలంటు రోజున నడిచొచ్చినట్టు" అన్నాను. వాడు ఒక్కొక్క అడుగూ వేసి నూనె గిన్నె వైపు చూసి మళ్ళీ ఆగేవాడు, మా అమ్మ కుంకుడుకాయ రసం పట్టుకుని... "అదే బామ్మా, అదే!" అని చప్పట్లు కొట్టింది. ఇక ఆ మాట నిఘంటువులోంచి లేచి వచ్చి మా తమ్ముడి పక్కన కూర్చుంది, మళ్ళీ వెళ్ళలేదు. మర్నాడు ఫ్రూగల్ అని వచ్చింది. పొదుపట. మా వీరవేణి అత్తయ్యేనా అంటే, ఆవిడ అగ్గిపుల్లని నిలువునా చీల్చి రెండు చేసేదని తెలిసి, "అది పిసినారితనం బామ్మా, దానికి వేరే మాట ఉంది. ఫ్రూగల్ అంటే నువ్వు. చారులోకి తీసిన చింతపండు పిప్పితో ఇత్తడి తోముతావు గానీ ఎవరొచ్చినా నెయ్యి దండిగా వేస్తావు" అంది. నన్ను ఇంగ్లీషులో పెట్టేసిందర్రా! ఆ రోజంతా నేను ఇంట్లో కొంచెం పొడుగ్గా నడిచాను.

రెసిలియెంట్ అన్న రోజు వేరు. దెబ్బతిని మళ్ళీ లేవడం అని అది అర్థం చెబుతుంటే నాకు తొంభయ్యారు తుఫాను కనిపించింది. తెల్లారి లేచి చూస్తే మా కొబ్బరితోటలో తోటే లేదు. నడినెత్తిన కొత్త ఆకు పుట్టే మొవ్వు విరగని చెట్లు మాత్రం మట్టలన్నీ పోయి గుంజల్లా నిలబడ్డాయి. కొట్టించేద్దామన్నారు అందరూ. మా ఆయన ఒక్క ఏడాది ఆగమన్నారు. ఆ కార్తీకంలోనే, ఇంటి మీద ఇంకా పెంకులు సర్దకుండానే, వర్షిణి పుట్టింది. మబ్బులోంచి ఊడిపడిందని ఆ పేరు. దాన్ని ఒళ్ళో వేసుకుని కూర్చున్న రోజుల్లోనే ఒక చెట్టు మొవ్వులోంచి ఈటెలా, లేత పసుపుగా ఒక ఆకు లేచింది. "ఆ మాట నువ్వు కొత్తగా నేర్చుకోనక్కర్లేదే, నీతోబాటే పుట్టింది" అన్నాను. అది తలొంచుకుంది. అప్పుడు లోపలి గదిలో జపమాల చప్పుడు ఆగింది.

అప్పుడే నాకు అనుమానమొచ్చింది. మేం పెరటి వసారాలో కూర్చుంటే ఆయన తలుపు అవతల కూర్చుని జపం చేసుకునేవారు. ఆయనకి మా నోము కథలంటే లోకువ, "ఆడవాళ్ళ కాలక్షేపం" అనేవారు. ఎదురుగా వచ్చి కూర్చోవడానికి మనసొప్పదు. కానీ ఒకరోజు పేపర్లో ఎవరో మంత్రిగారు పదవి వద్దు వద్దంటూనే ఊళ్ళన్నీ తిరుగుతున్నారని వస్తే, నిజంగా వద్దా, బెట్టా అని నేనూ వర్షిణీ వాదులాడుకుంటున్నాం. తలుపు వెనకనుంచి "బెట్టే" అని వినపడింది. మేమిద్దరం చెంగు నోట్లో కుక్కుకుని నవ్వాం. ఆయన దగ్గారు, మాల మళ్ళీ తిరిగింది.

ఒక చిక్కొచ్చింది. నోము కథకి చివర ఉంటుంది, పేపరు కథకి ఉండదు. కోర్టులో కేసు రేపటికి వాయిదా, చర్చలు రేపటికి వాయిదా. కథ తెగకపోతే అక్షింతలెలా వేసుకుంటాను? "రేపొస్తుంది బామ్మా" అనేది అది. వాటిని చిన్న గిన్నెలో పక్కన పెట్టుకునేదాన్ని. మర్నాడు మేడనుంచి పేపరు రావడం ఆలస్యమైతే వీధి అరుగు మీదకి వెళ్ళి నిలబడేదాన్ని. ఆ దేశం సంధికి ఒప్పుకుందా లేదా, ఆ ఉల్లిపాయల ధర దిగిందా లేదా? కన్ను నయమై కట్టు విప్పాక కూడా నేను టీవీ వైపు వెళ్ళలేదు. నాకోసం అది వెతికేది, వెతుకుతుంటే నిన్నటి మాటలే కొత్త చీరలు కట్టుకుని మళ్ళీ ఎదురయ్యేవి. "బామ్మా, మీ తమ్ముడు మళ్ళీ వచ్చాడు, ఈసారి బ్యాంకు వడ్డీ దగ్గర" అనేది. మనుషుల్ని గుర్తుపట్టినట్టు గుర్తుపట్టేది. మనుషుల్ని మొదటినుంచి వరసగా తలుచుకుంటూ గుర్తుపడతామా? ఎదురుపడితే పలకరించేస్తాం, అంతే కదా.

ఇంపాస్ అనే మాటా అలాగే దొరికింది. ఎటూ కదలని స్థితి, ఎవరూ వెనక్కి తగ్గనిది అని చెప్పింది. నాకు కాలవగట్టు గుర్తొచ్చింది. మాధవరాజు గారి కారూ, వాళ్ళ వియ్యంకులు భీమరాజు గారి కారూ ఎదురుపడ్డాయి. గట్టు మీద రెండు పట్టవు. ఇద్దరూ దిగారు. "ముందు మీరు దయచేయండి" అని ఈయన. "అబ్బెబ్బే, మీరుండగా నేనాండి" అని ఆయన. ఇద్దరూ వెనక్కి తీసి దారివ్వాలనే చూస్తారు, ఒకరు తీయబోతే రెండోవారు అడ్డుపడి, ఎదుటివారి చేత తీయించడం మర్యాద కాదంటారు. వెనక ట్రాక్టర్లు, బర్రెలు, స్కూలు ఆటో. చివరికి బర్రెలే మధ్యలోంచి దూరి వెళ్ళాయి. వర్షిణి పొట్ట పట్టుకుని నవ్వి, "ఇందులో మొండితనం ఎవరిదీ లేదు బామ్మా, అయినా కదల్లేదు. ఆ మాటకి అసలు అర్థమే అది" అంది. ఇదిగో, ఇప్పుడు ఈ బస్సు కూడా అంతే.

ఈ ఏడు పిల్ల మళ్ళీ పరీక్షకి కూర్చుంటే అందులో ఆ మాట వచ్చిందట. తల ఊపలేదు, పెదవి కదపలేదు. రెండు కార్లు కనిపించాయి, నొక్కేసింది. అది గట్టెక్కింది, పెద్ద పరీక్షా గట్టెక్కింది, మాటామంతికి పిలిచారు. నలుగురు పెద్దలు కూర్చుని ఇంగ్లీషు ఎలా నేర్చుకున్నావమ్మా అని అడిగితే ఏం చెప్పిందనుకున్నారు? "మా బామ్మకి రోజూ పేపరు కథగా చెప్పేదాన్ని, ఆవిడ గుప్పిట్లో అక్షింతలు పట్టుకుని వినేది, అర్థం కాకపోతే విప్పేది కాదు" అని ఇంగ్లీషులో చెప్పిందట. వాళ్ళు నమ్మక ఒకటి చెప్పమంటే రెండు కార్ల కథ చెప్పింది. నడి మధ్య కూర్చున్నాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని నవ్వాడట. ఇంటికొచ్చి ఇదంతా చెబుతుంటే మా ఆయన వీధిలోకి వెళ్ళిపోలేదు. కండువా భుజం మీద వేసుకున్నారు, గుమ్మం దాటలేదు.

"బామ్మా, ఏమన్నా వచ్చిందా?" అంది వర్షిణి, నీళ్ళ వైపే చూస్తూ.

వచ్చింది. చక్రం లేదు. తెల్లటి కాగితంలా ఉంది, నిండా అంకెలు, చీమల బారుల్లా. వేలితో పైకి తోస్తే జారుతున్నాయి, అది నేర్పింది నాకు. ముందు అంకెలన్నీ అందరివీ ఒకటే, చివరిది చూసుకోవాలి. చివర మూడు. చివర తొమ్మిది. ఆపరేషను చేసిన కంటితోనే చూస్తున్నాను, రెండోది మూసేశాను. ఎంత శుభ్రంగా కనిపిస్తున్నాయి తల్లీ, అద్దం మీద ఆవగింజల్లా. మాది ఉండాల్సిన చోటు దగ్గరికొచ్చాను. ఆరు, ఏడు. అమ్మో, ఏడు వెనక ఏడు ఉండాలి, ఇది రెండు. దాని కింద నాలుగు. ఇంకా కింద ఉందా, అయిపోయిందా? వేలు కదలడం లేదు, నాకే రిలక్టెంటు వచ్చింది, తలంటుకి వెళ్ళే తమ్ముడి కాలులా. తోశాను.

ఏడు. దాని వెనక ఏడు.

ముందునుంచి చదివాను. కుంకుమ చల్లిన నంబరు, అమ్మవారి పాదాల కింద పడుకున్న నంబరు. నోటితో చదివాను, కంటితో చదివాను, రెండూ ఒకటే. "వర్షిణీ" అన్నాను. అది నా మొహం చూసింది. ఫోను చూడలేదు, నా మొహమే చూసింది, అంతే, నా భుజం మీద పడి బావురుమంది. బస్సంతా లేచి నిలబడింది. "ఏమైందండి, ఏమైందండి?" "పిల్లకి బ్యాంకులో ఆఫీసరు ఉద్యోగం వచ్చిందయ్యా!" అని నేను అరిచిన అరుపుకి చంటిపిల్లాడు ఏడుపు మానేశాడు. లాజరు ఫోను తీసుకుని చూసి, టిక్కెట్లు కొట్టే మిషను పైకెత్తి, "ఆఫీసరుగారు మన బస్సులో ఉన్నారండోయ్!" అని డ్రైవరుకి వినపడేలా చెప్పాడు. డ్రైవరు హారను కొట్టాడు. వెనక బస్సువాడు ఎందుకో తెలియకుండా తనూ కొట్టాడు, దాని వెనక ఆటో కొట్టింది, ఆనకట్ట పొడుగునా హారన్లే. లారీ ఇంకా కదల్లేదు. ఎవరికీ తొందర లేదు. నేను గుప్పిట విప్పాను. చెమటకి పసుపు ఊరి అరచెయ్యంతా పచ్చగా అయింది. అతుక్కున్న గింజల్ని గోటితో తీసి దాని పాపిట్లో వేశాను. అది ఆ ఇరుకులోనే వంగి నా కాళ్ళు పట్టుకుంది.

ఇంటికి ఫోను కలిపింది, స్పీకరు పెట్టింది. "తాతయ్యా, వచ్చిందండి" అంది. నీళ్ళ హోరు. అందులోంచి ఆయన గొంతు, సంథ చెప్పేటప్పటి గొంతు కాదు, నాకు పెళ్ళైన కొత్తలో తెలిసిన గొంతు.

"అమ్మాయ్, ఒక్క క్షణం ఆగు" అన్నారు. ఏదో పళ్ళెం చప్పుడైంది. పీట జరిపిన చప్పుడైంది. గోడకి ఆనించిన ఆ పీటే, ఆ చెక్క గీత నాకు తెలుసు. "ఆఁ, ఇప్పుడు చెప్పు. మొదటినుంచీ చెప్పు, రెండు కార్ల దగ్గర గబగబా పోకు. నేను అక్షింతలు పట్టుకుని కూర్చున్నాను."

పక్కనుంచి రత్నమాణిక్యం గారి గొంతు వచ్చింది. "నేనూ పట్టుకున్నానమ్మా. ఇవాళ్టి పేపరు ఇక్కడే ఉంది, మడత విప్పలేదు, నువ్వొచ్చి విప్పు. నా అలమరలు బోడిగానే ఉంటాయిలే."

వర్షిణి కళ్ళు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టింది. మా ఆయన సంథ దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఆయన నొచ్చుకోకుండా, ఆయన నోరు తిప్పబట్టే పలకడం కుదిరిందని కూడా కలిపి, నా తమ్ముడూ, అగ్గిపుల్లల అత్తయ్యా, ఈటెలాంటి ఆకూ, బర్రెలూ, అందరూ వరసగా ఆ బస్సులోకి ఎక్కారు. ఆయన ఒక్కచోట కూడా అడ్డు తగల్లేదు. లాజరు మెట్టు మీద కూర్చుని వింటున్నాడు. కింద గోదావరి తలుపులు దాటి పొలాల వైపు పోతోంది.

అదర్రా కథ. ఇప్పుడు గుప్పిళ్ళు విప్పండి. పచ్చగా అయ్యాయా? అయితే విన్నట్టే. తలమీద వేసుకోండి, పక్కవాళ్ళ తలమీద కూడా రెండు వెయ్యండి. ఇంగ్లీషు మాటలు మరిచిపోయినా ఫరవాలేదు, పేపర్లో అవి రేపు మళ్ళీ వస్తాయి. నా తమ్ముణ్ణీ, ఆ మొవ్వునీ, పీట తిరిగి వాల్చిన మా ఆయన్నీ మాత్రం మరిచిపోకండి. ఇంటికెళ్ళి ఎవరికైనా చెప్పండి. పరీక్షకి చదివే పిల్ల ఉంటే దానికి ముందు చెప్పండి. వినడానికి ఎవరూ దొరకకపోతే ఆవుకైనా చెప్పండి. కాకపోతే అది తల ఊపేదాకా లేవకండి.